డాబా మీది ఆకాశం: అమీర్‌పేట, పంజాగుట్టల్లో డ్రోన్ నిబంధనలు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో సరదాకు డ్రోన్ ఎగరేయాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. డ్రోన్ పావుకిలో కూడా తూగకపోయినా, ఎగరేసేది సొంత ఇంటి డాబా మీద నుంచే అయినా ఈ నియమం మారదు. దీనికి కారణం బేగంపేట విమానాశ్రయం. 2008 మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలై ప్రయాణికుల విమానాలన్నీ అటు వెళ్లిపోయాక బేగంపేట మూతపడిందని చాలామంది అనుకుంటారు. అది మూతపడలేదు. వైమానిక దళం దాన్ని వాడుకుంటోంది. ప్రధానమంత్రి లాంటి ప్రముఖుల విమానాలు అక్కడ దిగుతుంటాయి. శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు అక్కడి నుంచే లేస్తాయి. వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన జరిగేదీ అక్కడే. చట్టం లెక్కలో అది నడుస్తున్న విమానాశ్రయమే. అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి గానీ, పంజాగుట్ట చౌరస్తా నుంచి గానీ దాని ప్రహరీ గోడ మూడు కిలోమీటర్ల లోపే ఉంది.

ఈ దూరానికి అంత విలువ ఎందుకో తెలియాలంటే గగనతల మ్యాప్ చూడాలి. డ్రోన్ల కోసం దేశ ఆకాశాన్ని మూడు రంగులుగా విడదీసిన ఈ మ్యాప్‌ను పౌర విమానయాన శాఖ 2021 సెప్టెంబరులో డిజిటల్ స్కై అనే ఆన్‌లైన్ వేదిక మీద పెట్టింది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు రెడ్ జోన్. అక్కడ కేంద్రం అనుమతిస్తే తప్ప డ్రోన్ నేల విడవకూడదు. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మట్టం నుంచే ఎల్లో జోన్. అక్కడ ఆ విమానాశ్రయపు ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ విభాగం) అనుమతి తీసుకోవాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా గ్రీన్ జోన్, ఆపైన ఎల్లో. 12 కిలోమీటర్లు దాటాక, వేరే నిషేధమేదీ లేని చోట, 400 అడుగుల దాకా గ్రీన్ జోన్. గ్రీన్ జోన్‌లో ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు.

హైదరాబాద్‌కు ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలున్నాయి. దక్షిణాన శంషాబాద్, ఆగ్నేయంలో నాదర్‌గుల్ ఉన్నాయి. వీటి చుట్టూ ఒక్కోదానికి వలయాలు గీస్తే నగరంలో స్వేచ్ఛగా డ్రోన్ ఎగరేయగల జాగా చాలా తక్కువ మిగులుతుంది. అమీర్‌పేట, పంజాగుట్టలకైతే ఆ కాస్తా లేదు. పైగా పంజాగుట్ట పక్కనే రాజ్‌భవన్, 2023 డిసెంబరు దాకా ప్రగతి భవన్‌గా ఉన్న జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్ ఉన్నాయి. విమానాశ్రయం సంగతి పక్కన పెట్టినా ఇక్కడ భద్రతా సిబ్బంది కళ్లు ఎప్పుడూ ఆకాశం మీదే ఉంటాయి.

ఇన్ని ఆంక్షలున్నా నేటి నిబంధనలు పాతవాటికంటే ఎంతో సరళం. 2014 అక్టోబరులో డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) ఒక బహిరంగ ప్రకటనతో పౌరులు డ్రోన్లు వాడటాన్నే ఆపేసింది. తర్వాత నాలుగేళ్ల పాటు పెళ్లి వీడియోల్లో కనిపించిన డ్రోన్ షాట్లలో చాలావాటికి ఏ అనుమతీ లేదు. 2018 ఆగస్టు 27న నిబంధనలు విడుదలై, డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అనుమతి లేకపోతే డ్రోన్ పైకి లేవకుండా దాని సాఫ్ట్‌వేరే ఆపేయాలన్న షరతు అప్పుడే మొదలైంది. 2021 మార్చిలో మరో నిబంధనావళి వచ్చింది. అది మరీ బరువుగా ఉందని స్టార్టప్‌లు, హాబీగా ఎగరేసేవాళ్లు మొత్తుకున్నారు. ఆరు నెలలు తిరక్కుండానే దాన్ని రద్దు చేసి, 2021 ఆగస్టు 25న డ్రోన్ రూల్స్ 2021ని తెచ్చారు. నింపాల్సిన ఫారాలు 25 నుంచి 5కు, రుసుముల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. ఇప్పుడు నడుస్తున్నవి, తర్వాతి సవరణలతో కలిపి, ఇవే.

వీటిలో మొదట చూసేది బరువు. బ్యాటరీ, కెమెరా సహా మొత్తం బరువు 250 గ్రాముల దాకా ఉంటే నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్. ఆపైన మీడియం, లార్జ్ రకాలున్నాయి గానీ అవి సరదాకు ఎగరేసేవి కావు. నానో డ్రోన్‌కూ, డబ్బు సంపాదనకు కాకుండా ఎగరేసే మైక్రో డ్రోన్‌కూ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే మైక్రో డ్రోన్‌తో డబ్బు తీసుకుని పెళ్లి వీడియో తీస్తే అది వినోదం కిందికి రాదు. అప్పుడు సర్టిఫికెట్ ఉండాలి. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడేది ఎక్కువగా చిన్న ఫొటో స్టూడియోల వాళ్లు. సర్టిఫికెట్ కోసం వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొందాలి. అలాంటి శిక్షణ ఇచ్చే తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, బేగంపేట విమానాశ్రయంలోనే ఉంది. ఒకసారి వచ్చిన సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. 2023 సెప్టెంబరు సవరణ తర్వాత దీనికి పాస్‌పోర్టే ఉండాలన్న పట్టింపు పోయింది. ప్రభుత్వం ఇచ్చిన వేరే గుర్తింపు, చిరునామా పత్రాలు చాలు.

250 గ్రాములు దాటిన డ్రోన్‌ను నమోదు చేసి, దానికంటూ ఒక విశిష్ట సంఖ్య తీసుకోవాలి. రుసుము 100 రూపాయలు. మూడో వ్యక్తికి నష్టం జరిగితే చెల్లించే బీమా కూడా ఉండాలి. దీనికి మోటారు వాహనాల చట్టంలోని బీమా నియమాలే వర్తిస్తాయి. నానోకు మాత్రం బీమా నుంచి మినహాయింపు ఉంది. డ్రోన్ లేపే ముందు ప్రతిసారీ ఆ రోజుకు కొత్త ఆంక్షలేమైనా వచ్చాయేమో మ్యాప్‌లో చూసుకోవడం పైలట్ బాధ్యత. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా తెలియజేయాలి. నిబంధనలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. వేరే చట్టాల కింద పెట్టే కేసులు దీనికి అదనం.

‘పావుకిలో లోపు డ్రోన్‌కు ఏ అనుమతీ అక్కర్లేదు’ అన్న మాట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోనూ, యూట్యూబ్‌లోనూ తరచుగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. 2018 నిబంధనల్లో నానో డ్రోన్‌ను 50 అడుగుల లోపు ఎగరేసుకునేందుకు కొంత వెసులుబాటు ఉండేది. ఆ మాటే జనంలో నిలిచిపోయింది. ఇప్పటి రూల్స్‌లో నానోకు దక్కిన మినహాయింపులు సర్టిఫికెట్, బీమా లాంటి విషయాల్లోనే. రెడ్ జోన్ నుంచి ఏ బరువుకూ మినహాయింపు లేదు. అమీర్‌పేట హాస్టల్ డాబా మీద నుంచి లేచిన 249 గ్రాముల డ్రోన్ కూడా రెడ్ జోన్‌లో ఎగిరినట్టే లెక్క.

తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు కూడా కనిపిస్తుంది. అమెరికా నుంచి వచ్చే మేనమామో, బాబాయి కొడుకో బహుమతిగా డ్రోన్ పట్టుకొస్తారు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం, అదీ ప్రత్యేక అనుమతితో, మినహాయింపు ఇచ్చింది. విడిభాగాలు తెచ్చుకోవచ్చు గానీ, పూర్తిగా తయారైనదాన్ని గానీ, ఇక్కడ బిగించుకునేలా ముక్కలుగా విప్పినదాన్ని గానీ తేకూడదు. విమానంలో వచ్చేవాళ్లు నింపే కస్టమ్స్ ఫారంలో డ్రోన్ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. చెప్పకుండా తెస్తే శంషాబాద్‌లోనే పట్టుకుంటారు. ఎలాగో ఇంటికి చేరినా దాన్ని చట్టబద్ధంగా నమోదు చేయించుకునే దారి దొరకడం కష్టం. బహుమతి కొనకముందే ఈ మాట అటువైపు వాళ్లకు చెప్పడం మేలు.

చిన్న డ్రోన్‌తో విమానానికి ఏమవుతుందిలే అనుకునేవాళ్లు 2025 జనవరి 9న లాస్ ఏంజలస్‌లో జరిగినదాన్ని గుర్తుంచుకోవాలి. నగర శివారు కొండల మీద కార్చిచ్చు చెలరేగుతోంది. మంటలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని ఒక వ్యక్తి పార్కింగ్ భవనం పై అంతస్తు నుంచి తన చిన్న డ్రోన్‌ను ఎగరేశాడు. అది కనుచూపు మేర దాటిపోయి, నీళ్లు చల్లుతున్న సూపర్ స్కూపర్ విమానం రెక్కకు తగిలింది. రెక్కకు కన్నం పడింది. విమానం క్షేమంగానే దిగింది గానీ, మంటలు ఆర్పాల్సిన రోజుల్లో మరమ్మతు కోసం నేల మీదే ఉండిపోయింది. ఎగరేసిన వ్యక్తికి చెడు ఉద్దేశమేదీ లేదు, చూడాలన్న ఆత్రుత మాత్రమే ఉంది. బేగంపేట రన్‌వే వైపు తక్కువ ఎత్తులో వెళ్లే హెలికాప్టర్‌కు అమీర్‌పేట డాబాల నుంచి పొంచి ఉండే ప్రమాదమూ ఇలాంటిదే. అందుకే ఇక్కడ అయిదు కిలోమీటర్ల వలయం అతి జాగ్రత్త ఎంతమాత్రం కాదు.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ఆకాశానికి సంబంధించిన నియమాలు. ఇంటి యజమాని అడిగేది వేరే ప్రశ్న. నా డాబా మీదుగా, నా కిటికీ ముందు ఎవరిదో డ్రోన్ ఎగిరితే దానికి నా అనుమతి అక్కర్లేదా అని అతను అడుగుతాడు. డ్రోన్ రూల్స్ 2021 ఈ ప్రశ్నను పట్టించుకోలేదు. ఏ జోన్‌లో ఎవరి అనుమతి కావాలో వివరంగా చెప్పిన ఆ నిబంధనలు, కింద ఉన్న ఇంటివాళ్ల సమ్మతి గురించి ఏమీ చెప్పవు. గ్రీన్ జోన్‌లోని ఊళ్లో ఒకరి పెరటి మీదుగా డ్రోన్ ఎగిరితే, కేవలం ఆ కారణంతో డ్రోన్ రూల్స్ కింద తప్పు పట్టడం కుదరదు.

జవాబు కోసం పాత చట్టాల్లోకి వెళ్లాలి. 1934 నాటి విమాన చట్టంలో గాలిపటం కూడా విమానం కిందికే వచ్చేది. సంక్రాంతికి పంజాగుట్ట మిద్దెల మీద ఎగిరే పతంగులు కూడా ఆ నిర్వచనంలోకి వచ్చేవని తెలిస్తే పిల్లలు సంబరపడతారేమో. అదే చట్టంలోని 17వ సెక్షన్, గాలిని, వాతావరణాన్ని, అప్పటి పరిస్థితులన్నింటినీ బట్టి సమంజసమైన ఎత్తులో విమానం ఒకరి ఆస్తి మీదుగా వెళ్తే, అంతమాత్రాన అక్రమ ప్రవేశమనో, ఇబ్బంది కలిగించిందనో సివిల్ దావా వేయకూడదని చెప్పింది. ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం 17వ సెక్షన్‌లో కీలకమైన మాట ‘సమంజసమైన ఎత్తు’. పది వేల అడుగుల పైన పోయే విమానం విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూడో అంతస్తు బాల్కనీకి పది అడుగుల దూరంలో ఆగి, గిరగిరా తిరుగుతూ లోపలికి చూసే డ్రోన్ ఎత్తు మాత్రం సమంజసమని ఏ కోర్టూ ఒప్పుకోదనే అనుకోవాలి.

భూమి ఎవరిదైతే దాని మీది ఆకాశం, కింది పాతాళం కూడా వాళ్లదేనన్న పాత సూత్రాన్ని విమానాలు వచ్చాక కోర్టులే తగ్గించాయి. 1946లో అమెరికా సుప్రీంకోర్టు, నార్త్ కరోలినాలో కోళ్లు పెంచుకునే కాస్బీ అనే రైతు కేసులో, ఆకాశమంతా భూయజమానిది కాదని చెప్పింది. అయితే 83 అడుగుల ఎత్తులో సైనిక విమానాలు వెళ్లి, కోళ్లు బెదిరి చచ్చిపోతుంటే అతనికి పరిహారం దక్కాల్సిందేనని కూడా చెప్పింది. ఇంగ్లండ్‌లో లార్డ్ బెర్న్‌స్టీన్ తన ఇంటిని విమానం నుంచి ఫొటో తీసిన సంస్థ మీద వేసిన దావాలో, ఆస్తిని, దాని మీది కట్టడాలను మామూలుగా వాడుకోవడానికి ఎంత ఎత్తు కావాలో అంతవరకే యజమాని హక్కు అని కోర్టు తేల్చింది. ఒక్క ఫొటోకు ఆయన ఓడిపోయాడు. ఇంటి మీద ఎడతెగని నిఘా పెడితే సంగతి వేరుగా ఉంటుందని న్యాయమూర్తి అప్పుడే సూచించారు. డ్రోన్ల కాలంలో న్యాయవాదులు మళ్లీ మళ్లీ తిరగేస్తున్నది ఆ సూచననే.

మన దేశంలో ఇంతకంటే పాతది, మన ఇళ్లకు దగ్గరిది ఒకటుంది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్ ఆచారం వల్ల వచ్చే హక్కుల గురించి చెబుతూ ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒక పట్నంలో, పొరుగింటి ఏకాంతానికి గణనీయంగా భంగం కలిగేలా కొత్త కిటికీ పెట్టకూడదనే ఆచారం ఉంటే, దాన్ని కాదని కిటికీ తెరిచినవాడి మీద దావా వేయవచ్చు. 1888లో అలహాబాద్ హైకోర్టు గోకల్ ప్రసాద్ కేసులో, పరదా పాటించే ఆడవాళ్లుండే ఇంటి వైపు కొత్తగా పెట్టిన వరండా, తలుపుల విషయంలో ఇలాంటి హక్కునే గుర్తించింది. ఆ ఆచారం అక్కడ ఉందని రుజువు చేసుకోవాల్సి రావడం దీని పరిమితి. అయినా, పొరుగువాడి చూపు నుంచి ఇంటికి రక్షణ కావాలన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. డ్రోన్ కెమెరా ఎక్కడికైనా తీసుకెళ్లి పెట్టగల కిటికీ లాంటిది. ఆ కిటికీ గురించి 2021 రూల్స్‌లో ఒక్క మాటైనా ఉండాల్సింది.

నేర చట్టం కొంత ఆదుకుంటుంది. తననెవరూ చూడరన్న నమ్మకంతో స్త్రీ ఏకాంతంగా ఉన్న సమయంలో ఆమెను చాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఒకరి శరీరంలోని రహస్య భాగాలను అనుమతి లేకుండా చిత్రీకరిస్తే, బాధితులు స్త్రీలైనా పురుషులైనా, ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఇవి గట్టి సెక్షన్లే. కానీ వీటి పరిధి చిన్నది. మైత్రీవనం వెనక సందుల్లో, ఎస్సార్ నగర్ వైపు వరసగా ఉన్న లేడీస్ హాస్టళ్లను చూస్తే ఆ లోటు అర్థమవుతుంది. డాబా మీద బట్టలు ఆరేస్తూ, తల ఆరబెట్టుకుంటూ, ఫోన్‌లో ఇంటివాళ్లతో మాట్లాడుతూ ఉన్న అమ్మాయిల మీద పది నిమిషాలు డ్రోన్ ఆగితే, పై సెక్షన్ల మాటలు దానికి సూటిగా అతకవు. అయినా ఆ అమ్మాయిలు కిందికి దిగిపోవాల్సి వస్తుంది. గదుల్లో మంచాలకు మంచాలు ఆనుకుని ఉండే హాస్టల్లో కాస్త గాలీ వెలుతురూ దొరికేది డాబా మీదే. ఈ పేటలో అది చిన్న నష్టం కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. పొరుగువాడి డ్రోన్ విషయంలో ఆ హక్కును ఇంటివాళ్లు వాడుకునేలా చేసే నిర్దిష్టమైన నియమం ఇంకా రావాలి.

తెలుగు రాష్ట్రాల్లో డ్రోన్, ప్రైవేటు ఆస్తి అనగానే రెండు ఘటనలు గుర్తొస్తాయి. రెండూ రాజకీయంగా వేడెక్కినవే. 2019 ఆగస్టులో కృష్ణకు వరద వచ్చినప్పుడు, ఉండవల్లిలో నది ఒడ్డున అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు ఉంటున్న ఇంటి మీద డ్రోన్ ఎగిరింది. భద్రతకు, ఏకాంతానికి భంగమని తెలుగుదేశం పార్టీ ఆందోళన చేసింది. వరద మట్టాన్ని అంచనా వేయడానికే ఎగరేశామని ప్రభుత్వం చెప్పింది. 2020 మార్చిలో జన్వాడలో, అప్పటి మంత్రి కె.టి.రామారావుకు సంబంధించినదిగా ప్రచారంలో ఉన్న ఫాంహౌస్‌ను డ్రోన్‌తో చిత్రీకరించారన్న కేసులో నార్సింగి పోలీసులు అప్పటి మల్కాజిగిరి ఎంపీ ఎ.రేవంత్‌రెడ్డిని మార్చి 5న అరెస్టు చేశారు. 18న హైకోర్టు బెయిలిచ్చింది. ఎవరిది న్యాయమన్న రాజకీయ వాదన అలా ఉంచితే, ఆ కేసులో పెట్టిన సెక్షన్లు గమనించదగ్గవి. ప్రభుత్వాధికారి ఆదేశాన్ని ఉల్లంఘించారనీ, విమాన చట్టాన్ని మీరారనీ అభియోగం మోపారు. ఒక ఇంటి మీద డ్రోన్ ఎగిరిందన్న గొడవ అనుమతి పత్రాల గొడవగా కోర్టుకు చేరింది. ఇంటివాళ్ల హక్కును సూటిగా చెప్పే నియమం లేకపోతే జరిగేది ఇదే.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ చుట్టుపక్కల ఈ విషయంలో పరిస్థితి వేరు. టెక్సస్ 2013లోనే, నిఘా ఉద్దేశంతో డ్రోన్ నుంచి ఒక మనిషిని గానీ, ప్రైవేటు స్థలాన్ని గానీ చిత్రీకరించడాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. పత్రికా స్వేచ్ఛకు అడ్డమని 2022లో ఒక ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. 2023లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. ఇలాంటి చట్టం చేసేటప్పుడు విలేకరుల పనికి అడ్డు రాకుండా రాయడం ఎంత కష్టమో ఆ వ్యాజ్యం చూపించింది. మన దగ్గర రాసేటప్పుడు ఆ అనుభవం పనికొస్తుంది.

పండుగలు, సభల వేళ మరో పొర వచ్చి చేరుతుంది. రాష్ట్ర ప్రభుత్వం గానీ, ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ ఏ ప్రాంతాన్నైనా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. రిపబ్లిక్ డే, పంద్రాగస్టు, ప్రముఖుల పర్యటనల సమయంలో నగర పోలీసులు డ్రోన్ల మీద విడిగా నిషేధాజ్ఞలు ఇస్తుంటారు. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం లాంటి రద్దీ వేడుకలో డ్రోన్ షాట్ తీసే ఫొటోగ్రాఫర్‌కు ఆలయ నిర్వాహకులు సరేనంటే సరిపోదు. ఆకాశం మీద వాళ్లకు అధికారం లేదు. ఫంక్షన్ హాలు యజమానికీ, పెళ్లివారికీ అంతే.

ఇంటి మీదికి డ్రోన్ వచ్చినప్పుడు అమీర్‌పేట, పంజాగుట్ట వాసులకు ఒక అనుకూలత ఉంది. గ్రీన్ జోన్‌లో ఉన్నవాళ్లు ముందు తమ ఏకాంతానికి భంగం కలిగిందని నిరూపించుకోవాలి. ఇక్కడ ఆ అవసరం రాదు. అనుమతి లేని డ్రోన్ గాల్లో ఉండటమే ఉల్లంఘన. కనిపించిన వెంటనే ఫోన్‌లో వీడియో తీసి, సమయం, ఎటు నుంచి వచ్చిందో, ఎటు వెళ్లిందో రాసుకుని 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. డ్రోన్ తిరిగి ఏ డాబా మీద దిగిందో చూడగలిగితే సగం పని అయినట్టే. బ్యాటరీ ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఎగరేసేవాళ్లు సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటారు. పదే పదే వస్తుంటే సివిల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ కోరవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘాలు ఉమ్మడి డాబా మీద డ్రోన్ ఎగరేయకూడదని తీర్మానం చేసుకోవచ్చు.

చేయకూడనిది ఒకటుంది. కోపంతో రాయి విసిరో, కర్రతో కొట్టో డ్రోన్‌ను కూల్చకూడదు. అది ఇంకొకరి ఆస్తిని ధ్వంసం చేయడమే అవుతుంది, కేసు ఇటు తిరుగుతుంది. అది కింద పోయే మనిషి మీదో, మెట్రో పట్టాల మీదో పడితే ఆ నష్టానికీ జవాబు చెప్పాలి. డ్రోన్ తనంతట తాను పడిపోయి దొరికితే మెమరీ కార్డు తీయకుండా, ఆన్ చేయకుండా అలాగే పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. అది ఎక్కడ లేచిందో, ఏం చిత్రీకరించిందో చెప్పే సాక్ష్యం అందులోనే ఉంటుంది.